పంపకం చెల్లదు

మైలో రాడిచ్ చేతికొచ్చిన పేకముక్కల్ని పడేసే రకం కాదు. రెండూ ఏడూ వచ్చినా "ఏమో, చూద్దాం" అంటూ పందెం బిళ్ళలు ముందుకు తోసే మనిషి. గనిలో పని మానేసిన దగ్గర్నుంచీ ప్రతి శనివారం మా బల్ల దగ్గర అదే వరస. గెలిస్తే అరుస్తాడు, ఓడితే ఇంకా గట్టిగా అరుస్తాడు. అలాంటి మైలో కిక్కురుమనకుండా, వరసపెట్టి ముక్కలు పడేస్తుంటే నాకు అనుమానం రాదా?

మాది బ్యూట్ అనే గనుల ఊళ్ళో కొండ మీదికెక్కే వీధిలో ఒక చిన్న కాఫీ హోటలు. ముందు గదిలో మాంసం కూరి కాల్చిన పాస్టీలు, గ్రేవీ, కాఫీ. వెనక గదిలో ఒకే ఒక్క పోకర్ బల్ల, దానికి లైసెన్సు. ముక్కలు పంచేది మా ఆయన ఆర్వో. తగువొస్తే తీర్పు చెప్పేది నేను, వెర్నాని. ఆ గదిలో నా మాటకి తిరుగులేదు. మొగుడైనా సరే వినాల్సిందే. ఇంట్లో వినడనుకోండి, అది వేరే సంగతి.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మా ఆటలో మనిషికి రెండేసి ముక్కలు బోర్లా పడతాయి. ఎవరికైనా పొరపాటున మూడు పడ్డాయనుకోండి, లేదా మొదటి ముక్కే వెల్లకిలా పడి అందరికీ కనబడిందనుకోండి, పంపకం చెల్లదు. ఎంత మంచివొచ్చినా అందరూ తిరిగిచ్చేయాలి, కలిపి మళ్ళీ పంచాలి. కానీ ఆ మాట వెంటనే అనాలి. ఇద్దరు మనుషులు పందెం వేసేశారా, ఇక పంపకం రద్దు కాదు. మూడొచ్చినవాడి ఆట ఒక్కటే పోయినట్టు, మిగతావాళ్ళు ఆడుకుంటారు. ఆ కట్టడి లేకపోతే చెత్త ముక్కలొచ్చిన ప్రతి వెధవా సగం ఆటలో లేచి "అయ్యో, నాకు మూడొచ్చాయి" అంటాడు.

దీనికి తోడు మా బల్లకి ఇంకో కట్టుబాటుంది. పంచేవాడి చేతిలో ఒక పూటలో ఒక పంపకం చెడితే మాఫీ. రెండోది చెడితే కుర్చీ దిగాలి. ఈ రూలు పెట్టిందెవరనుకున్నారు? మా మహానుభావుడే. వయసులో ఉండగా సొంత తమ్ముణ్ణి ఆ లెక్కనే దింపేశాడు, తాగొచ్చి పంచుతున్నాడని. తమ్ముడు చాలాకాలం మాట్లాడలేదు. అయినా ఈయన రూలు మార్చలేదు. న్యాయం అంటే ఆయనకి అంత పిచ్చి.

ఆర్వో పంచుతుంటే చూడటానికే కొందరు వచ్చేవారు. మాటలు తక్కువ మనిషి, ఫిన్లాండు వాళ్ళ రక్తం. వారమంతా మాట్లాడాల్సిందంతా ఆ చేతుల్తోనే మాట్లాడేవాడు. ముక్క ఎవరి ముందు ఆగాలో అక్కడే, అంగుళం తేడా లేకుండా ఆగేది. నేను ఆయన్ని పెళ్ళి చేసుకున్నది ఆ చేతుల్ని చూసే. మొహం తర్వాత చూశాను.

మొన్నటి ఆకురాలు కాలంలో ఆ చేతులు వణకడం మొదలుపెట్టాయి. డాక్టరు చెప్పిన జబ్బు పేరు ఇంట్లో మేం పలకం. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయన స్నానాలగది తలుపేసుకుంటాడు. నేను పెడతానంటే ఒప్పుకోడు. శనివారం పొద్దున్నే గిన్నెలో వేడినీళ్ళు పోసుకుని చేతులు ముంచుకు కూర్చుంటాడు, వేళ్ళు కాస్త మాట వింటాయని.

"మానేయకూడదూ?" అన్నాను ఒకసారి.

"ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కను వెర్నా. నా సంగతి నాకు తెలుసు. దిగే రోజు వచ్చేదాకా ఉండనీ."

ఇంకేమంటాను? సోమవారం నుంచి శనివారం కోసం చూసే మనిషి. ఆ కుర్చీ పోతే ఈయన పొద్దున్నే మంచం దిగుతాడో లేదోనని నా భయం.

ఇక మైలో సంగతి. ఒక శనివారం కాఫీ కెటిల్ పట్టుకుని అతని వెనక నుంచి వెళ్తూ చూశాను. అతని చేతిలో మూడు ముక్కలున్నాయి. అందులో రెండు ఆసులు! పోకర్‌లో అంతకంటే మంచి జత పుట్టలేదు. నేను కళ్ళు నులుముకునేలోపే పక్కనున్న లవ్‌డే ట్రెవెనా, ఆ పక్కాయనా చకచకా బిళ్ళలు వేసేశారు. మైలో ఆ మూడింటినీ ఒకదాని వెనక ఒకటి దాచి, ఏమీ ఎరగనట్టు పడేసిన ముక్కల కుప్పలోకి తోసేశాడు.

నా ఒళ్ళు మండిపోయింది. కాసేపాగి అతన్ని వంటగదిలోకి లాక్కెళ్ళాను.

"ఏం మాయరోగం నీకు? ఆసుల జత పడేస్తావా?"

"మెల్లగా, తల్లీ, మెల్లగా" అన్నాడు మైలో, జన్మలో మెల్లగా మాట్లాడని మనిషి. "మూడు పడ్డాయి."

"మూడు పడితే చెప్పాలిగా!"

"చెబితే?"

చెబితే పంపకం చెడినట్టు. రెండోది చెడితే ఆర్వో కుర్చీ దిగాలి. ఈలోగా లవ్‌డే వచ్చింది. స్కూలు బస్సు నడిపి నడిపి పిల్లల్నీ పెద్దల్నీ ఒకే గొంతుతో అదిలించడం అలవాటైన ఆవిడ. "చెప్పేశావా సన్నాసీ?" అంది.

"నేను చెప్పలేదు. తనే చూసింది."

"సరే, చూసిందిగా. విను వెర్నా. ఎవరికి మూడొస్తే వాళ్ళు గుట్టుగా పడేస్తారు. ఈలోగా మిగతావాళ్ళం టకటకా పందెం వేసేస్తాం. ఇద్దరు వేశాక రద్దుచేసే వాడెవడు? ఆర్వో తలెత్తేసరికి ఆట నడుస్తూ ఉంటుంది. ఆయనకి తెలీదు. తెలీనివ్వం."

"ఎప్పట్నించి సాగుతోందీ నాటకం?"

"అక్టోబరు ఆఖర్న గుమ్మాల్లో గుమ్మడికాయలు పెట్టినప్పట్నించి" అన్నాడు మైలో.

"నీకు నష్టం కాదుట్రా?"

"నా ముక్కలు, నా ఇష్టం. మధ్యలో నీకేంటి నొప్పి?" అనేసి, పొయ్యి పక్కనున్న పాస్టీ ఒకటి ఎత్తుకుని పోయాడు.

నేను గ్రేవీ కలుపుతూ ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, అదేం కోపమో. తీర్పు చెప్పాల్సినదాన్ని, నా కళ్ళ ముందు దొంగాట జరుగుతోంది. కానీ ఆ దొంగతనంలో పోయేది ఎవరిది? ఎవరిది వాళ్ళదే. ఇష్టపడి పోగొట్టుకుంటున్నారు. అందుకని నోరు మూసుకున్నాను. ఆర్వో ప్రతి శనివారం రాత్రి "ఇవాళ ఒక్క తప్పూ పడలేదు" అంటే, "నీకేం, రాజువి" అంటూ దుప్పటి సర్దేదాన్ని.

ఇలా చలికాలం సగం గడిచింది. ఒక శనివారం పొద్దున్నే మంచు కమ్మేసి హోమ్‌స్టేక్ కనుమ దారి మూసేశారు. బిల్లింగ్స్ ఊరికి సరుకు తీసుకెళ్తున్న రోండా అనే లారీ డ్రైవరు మా వీధి చివర బండి ఆపుకుని లోపలికొచ్చింది. పొడుగాటి మనిషి, సొంత రాష్ట్రం ఐడహో. పాస్టీలు ఆవురావురుమంటూ తింది. వెనక గదిలో బిళ్ళల చప్పుడు విని, "నన్నూ కూర్చోనిస్తారా?" అంది.

మైలో నాకేసి చూశాడు. లవ్‌డే కూడా చూసింది. కొత్త మనిషికి మా నాటకం తెలియదు కదా. వద్దనడానికి నాకు ఒక్క సాకూ దొరకలేదు. కుర్చీ ఖాళీగా కనబడుతూనే ఉంది. ఈలోగా ఆర్వోనే, "రండమ్మా, కూర్చోండి" అన్నాడు మురిసిపోతూ. కొత్త మొహం వస్తే ఆయనకి పండగే.

ఆ రోజు చలికి ఆయన వేళ్ళు అసలు మాట వినలేదు. మొదట్లోనే, లవ్‌డే ముందు పడాల్సిన మొదటి ముక్క గాల్లో తిరగబడి వెల్లకిలా పడింది. ఇస్పేటు రాణి. అందరికీ కనబడిపోయింది, దాన్నెవరు దాచగలరు?

"పంపకం చెల్లదు" అన్నాడు ఆర్వో తనే. ముక్కలన్నీ వెనక్కి తీసుకున్నాడు. చేతులు రెండూ బల్ల కింద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు, తర్వాత మళ్ళీ కలిపాడు. ఆ పూటకి ఉన్న మాఫీ అలా అయిపోయింది. ఇంకొక్కటి చెడితే కుర్చీ దిగాలి. అది బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో రోండాకి తప్ప అందరికీ తెలుసు.

ఆ తర్వాత చాలాసేపు బాగానే నడిచింది. రోండా సరదా మనిషి. మైలో అరిస్తే తనూ అరుస్తోంది. నేను కూడా కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు జరిగింది. ముక్కలు పడకముందే ఒకరు పందెం పెట్టాలి, ఆ పంపకంలో ఆ వంతు రోండాది. బిళ్ళలు పెట్టింది. ఆర్వో పంచుతున్నాడు, నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. రెండో చుట్టులో ఆమె దగ్గరికొచ్చేసరికి రెండు ముక్కలు అంటుకుని ఒక్కటిగా వెళ్ళాయి. నేను చూశాను. మైలో చూశాడు. లవ్‌డే చూసింది. ఆర్వో చూడలేదు.

రోండా చేతికంటిన గ్రేవీ తుడుచుకుంటోంది. ముక్కల మీద ఇంకా చెయ్యి వెయ్యలేదు. ముందుగా పందెం పెట్టినవాళ్ళు ఆ చుట్టులో ఆఖర్న పలకాలి, అందుకని ఆమెకి తొందరేమీ లేదు. మైలో తన ముక్కలు ఎత్తి చూడనైనా లేదు, బిళ్ళలు విసిరేశాడు. దాని మీద లవ్‌డే కూడా వేసేసింది, అదీ చూడకుండానే. ఇద్దరయ్యారు.

రోండా అప్పుడు ఎత్తింది. "అరె, నాకు మూడొచ్చాయండీ."

"ఇద్దరం వేసేశాం!" అన్నాడు మైలో. అతని మెడ కందిపోయింది. "ఇక పంపకం నిలబడుతుంది."

ఆర్వో బల్ల మీది బిళ్ళలు చూశాడు. ఆయనకి తెలిసినంతలో అంతా సక్రమంగానే ఉంది. "క్షమించండమ్మా, తప్పు నాదే" అన్నాడు. "కానీ ఇద్దరు వేశారు కాబట్టి ఆట ఆగదు. మీ ముక్కలు చెల్లవు. మీరు పెట్టిన బిళ్ళలు కూడా బల్ల మీదే ఉంటాయి. పద్ధతి అది."

"పద్ధతైతే పద్ధతే" అని రోండా మూడూ తిప్పి చూపించింది. అందులో రెండు రాజులు. "దారీ మూసుకుంది, రాజులూ పోయారు. ఇవాళ నా మొహం ఎవరు చూశారో!" అని నవ్వేసింది.

తిట్టినా బాగుండేది. ఆర్వో ఆ రాజుల్ని లాక్కోవడానికి చెయ్యి చాపుతున్నాడు. మాట్లాడకుండా ఊరుకుంటే ఆయన కుర్చీ ఆయనకి ఉంటుంది. వచ్చే శనివారం మళ్ళీ వేడినీళ్ళలో చేతులు ముంచుకుంటాడు. కానీ మేం చేస్తున్నదేమిటి? ఆ కుర్చీలో ఆయన్ని ఉంచడానికి, ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఏనాడూ చెయ్యని పని ఆయన చేతే చేయిస్తున్నాం. నమ్మి కూర్చున్న పరాయి మనిషికి అన్యాయం. అదీ ఆయనకి తెలియకుండా.

"ఆగు ఆర్వో" అన్నాను. "పంపకం చెల్లదు."

"ఎందుకు చెల్లదు?" మైలో లేచి నిలబడ్డాడు. "ఇద్దరం వేశాం వెర్నా! నువ్వు రోజూ చెప్పే రూలే కదా!"

"మూడు పడటం చూశారు కాబట్టి వేశారు. మీ ముక్కలైనా చూసుకోకుండా. అది పందెం కాదు మైలో, ఆమె నోరు నొక్కడం."

ఆర్వో మెల్లగా నావైపు తిరిగాడు. "ఏమన్నావు?"

రోండాకి విషయం తెలియకపోయినా ఆయన చేతులు మాత్రం కనబడ్డాయి. "పోన్లెండి, నేనే సరిగ్గా చూళ్ళేదేమో, రెండేననుకుంటా" అంటూ ఒక ముక్క పక్కకి తోసింది. పిచ్చితల్లి, వచ్చి పూటైనా కాలేదు, తను కూడా మాలో కలిసిపోయింది.

"మూడేనమ్మా. ఇందాక మీరే తిప్పి చూపించారు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆర్వో మైలోని అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

లవ్‌డే పలికింది. "చాన్నాళ్ళయింది నాయనా. మమ్మల్నేమీ అనకు."

"ఏం పడేశావు మైలో?"

"చెత్త ముక్కలేలే. పనికొచ్చేవేం కాదు."

"మైలో."

"ఒకసారి ఆసులు" అన్నాడు మైలో. "రాణులు ఒకసారి. అంతే. ఇంకేవో ఉంటాయి, గుర్తులేదు."

"ఆసుల జత పడేశావా?" ఆర్వో గొంతు పగిలింది. "నీకు బుద్ధుందట్రా వెధవా? ఆసుల జత పడేస్తాడట్రా ఎవడైనా?"

ఆర్వో నోటి వెంట తిట్టు వినడం నాకదే మొదలు. ఆ తిట్టు తిడుతూ ఆయన, తిట్టించుకుంటూ మైలో, ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. లవ్‌డే ఎప్పుడో మొదలుపెట్టింది.

ఆయన మళ్ళీ నాకేసి చూశాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ ఊరుకుని ఇవాళెందుకు చెప్పావు?"

"మైలో ముక్కలు మైలోవి, వాడి ఇష్టం. ఈమెవి మనవి కాదుగా."

ఆర్వో రోండా ముందున్న రాజుల్ని చూశాడు. అప్పుడు తమ్ముడు ఆయనతో మాటలు మానేసినట్టే, ఇక ఆయన నాతో మానేస్తాడేమో అనిపించింది.

"సరైన తీర్పు" అన్నాడు.

రోండా బిళ్ళలు రోండాకిచ్చాడు. మైలోవి, లవ్‌డేవి వెనక్కి తోశాడు. ముక్కలన్నీ ఒక్కొక్కటే పోగుచేసి దొంతి పెట్టాడు. దానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యబోలేదు. తర్వాత కుర్చీలోంచి లేచాడు.

పంచేవాడు కుర్చీ దిగేటప్పుడు ఒకసారి చప్పట్లు కొట్టి, అరచేతులు రెండూ అటూ ఇటూ తిప్పి చూపించాలి. ఏమీ పట్టుకుపోవడం లేదని చెప్పడం అది. ఏళ్ళ తరబడి ఎవరూ తలెత్తి చూడని తంతు. ఇన్ని నెలలూ ఆర్వో దాన్ని గబుక్కున కానిచ్చేసి చేతులు జేబుల్లో దూర్చేసుకునేవాడు. ఆ రోజు అలా చెయ్యలేదు. ఒక అరచెయ్యి ఇంకోదానికి సరిగ్గా తగలక చప్పట్లో చప్పుడే రాలేదు. రెండు చేతులూ దీపం కిందికి చాపి, నిదానంగా తిప్పాడు. అవి వణుకుతున్నాయి. అందరం చూశాం. నాకు పెళ్ళికి ముందు చూసినప్పటికంటే ఎక్కువ ముద్దొచ్చాయి ఆ చేతులు, దేవుడి తోడు.

ఆయన కోటు కోసం ముందు గదికేసి కదిలాడు. మైలో కాలితో ఒక కుర్చీ అడ్డంగా తన్నాడు.

"ఎక్కడికి? నా ఆసులు మింగేసి ఇంటికి పోదామనా? కూర్చో. ఆడు."

"నేను ఆడటమేమిటి?"

"పంచడం మానేసినవాడు ఆడకూడదని ఏ రూల్లో ఉంది? వెర్నా, ఉందా?"

"లేదు" అన్నాను.

ఆర్వో తన చేతుల్ని చూసుకున్నాడు. "ముక్కలెత్తితే వీధంతా చూస్తుంది మైలో. ముక్క దాచుకోలేనివాడు పోకరేం ఆడతాడు?"

అది నిజమే. "కూర్చో ముందు" అంది లవ్‌డే, బస్సులో పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతో. ఆ గొంతు విన్నాక ఎవరైనా కూర్చోవాల్సిందే. ఆర్వో వాళ్ళిద్దరి మధ్యా కూర్చున్నాడు.

పంచే కుర్చీలో నేను కూర్చున్నాను. నా పంపకం చూసి ఆర్వో మొహం చిట్లించాడు కానీ పైకి ఏమీ అనలేదు. ఆయన ముందు కూడా రెండు పడ్డాయి. వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టి, అంచులు పైకి లేపబోయాడు. ముక్కలు టపటపా కొట్టుకున్నాయి. ఇటు మైలోకి, అటు లవ్‌డేకి, ఎదురుగా రోండాకి, అందరికీ కనబడేలా లేస్తున్నాయి.

పక్కవాడి ముక్కల్లోకి తొంగిచూడటం మైలోకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎన్నిసార్లు చెయ్యి మీద కొట్టానో లెక్కలేదు. ఆ మైలో తన కుర్చీని కిర్రుమంటూ పూర్తిగా వెనక్కి తిప్పుకుని గోడకేసి కూర్చున్నాడు. లవ్‌డే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అది లేకపోతే ఆవిడకి ఎదుటి మనిషే కనబడడు. రోండా వాళ్ళిద్దర్నీ చూసి, నన్ను చూసి, అరచేతులతో కళ్ళు మూసేసుకుంది.

ఆర్వో తలెత్తి చూశాడు. గోడకేసి తిరిగిన మైలో వీపు, లవ్‌డే ఒళ్ళో కళ్ళజోడు, రోండా చేతులు. ఎంతసేపు చూశాడో.

"అయిందా?" అన్నాడు మైలో గోడతో.

"ఉండండి" అన్నాడు ఆర్వో, మళ్ళీ ముక్కల మీదికి వంగుతూ. "ఇప్పుడే చూసుకుంటున్నా."

"నీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకో" అన్నాడు మైలో.

నేను కూడా తల పక్కకి తిప్పుకున్నాను.